మెంతులు తింటే చెమట వాసన?

ప్రశ్న: షుగర్‌కి మాత్రలు వాడుతున్నాను. నెలరోజులుగా పరగడుపున చెంచాడు నానబెట్టిన మెంతులు తింటున్నాను. చెమట వింత వాసనేస్తోంది. మానేయాలా?

జవాబు: వాసనకు కంగారొద్దు. మెంతుల్లోని సోటోలోన్ అనే వాసననిచ్చే పదార్థం చెమటలో, మూత్రంలో బయటికొస్తుంది. నేనూ ఒకసారి వారం తిని, చొక్కా వాసన చూసుకుని సబ్బు మార్చాను! మెంతుల జిగురు పీచు పిండిపదార్థాల అరుగుదలను నెమ్మదింపజేస్తుంది. భోజనం తర్వాత షుగర్ ఒక్కసారిగా పెరగడం కొంత తగ్గుతుంది. నా టెన్షన్ మీ మాత్రల గురించే. రెండూ కలిస్తే షుగర్ మరీ పడిపోవచ్చు. వణుకు, కళ్లు తిరగడం ఉంటే వెంటనే చక్కెర నోట్లో వేసుకోండి. ఈ మెంతుల సంగతి డాక్టరుకు చెప్పండి, మాత్రలు మాత్రం సొంతంగా ఆపకండి. రక్తం పలచబడే మందులు వాడేవాళ్లూ అడిగే తినాలి. గర్భిణులకు వంటలో వేసేంత చాలు. అన్నట్టు, వేరుశనగ పడనివాళ్లకు మెంతులూ పడకపోవచ్చు.