క్యాన్సర్ మందు కంపెనీ షేరులో 10 లక్షలు పెట్టొచ్చా?

ప్రశ్న: మాది పాలకొల్లు దగ్గర పల్లెటూరండి. వయసు 52. సొంత చెరువుల్లో వనామి రొయ్యల సాగు చేస్తాను. రెండు పంటలు కలిసొచ్చి, ఖర్చులు పోను 18 లక్షలు మిగిలాయి. మా అక్క రొమ్ము క్యాన్సర్‌తో చనిపోయింది. అమెరికాలో ఎంఎస్ చదువుతున్న మా అబ్బాయి అక్కడి ఒక చిన్న బయోటెక్ కంపెనీ షేరు కొనమంటున్నాడు. వాళ్ల క్యాన్సర్ మందుకి ఫేజ్ 2 ఫలితాలు బాగా వచ్చాయట, అక్కడ మందులకి అనుమతులిచ్చే ఎఫ్‌డీఏ ఫాస్ట్ ట్రాక్ హోదా కూడా ఇచ్చిందట. ఒకప్పుడు 40 డాలర్లున్న షేరు ఇప్పుడు 4 డాలర్లే. 10 లక్షలు పెడదామనుకుంటున్నాను. వచ్చే ఏడాది అమ్మాయి పెళ్లి ఉంది. ఏం చెయ్యమంటారు?

జవాబు: మీ అక్కగారి సంగతి చదివి బాధ కలిగింది. ఆ జబ్బును ఇంట్లో చూసినవాళ్లకి, దానికి మందు కనిపెడుతున్నవాళ్ల పక్కన నిలబడాలనిపించడం సహజం. అయినా 10 లక్షలు పెట్టొద్దు. కొని తీరాలనుకుంటే 50 వేలు దాటనివ్వకండి. అది కూడా పూర్తిగా పోయినా ఇంట్లో ఎవరూ బాధపడరనుకుంటేనే.

ఫాస్ట్ ట్రాక్ అంటే మందుకి అనుమతి వచ్చినట్టు కాదు. తీవ్రమైన జబ్బుకి పనికొచ్చే అవకాశం ఉంది కాబట్టి ఎఫ్‌డీఏ అధికారులు కంపెనీతో తరచుగా మాట్లాడతారు, కాగితాలు విడతలవారీగా తీసుకుంటారు. అంతే. షేరు కొనడానికి అదొక కారణం కాదు.

అసలు చూడాల్సింది ఫేజ్ 2 ఫలితాలు. ఫేజ్ 1లో కొద్దిమందికి మందు ఇచ్చి ఎంత మోతాదు తట్టుకోగలరో చూస్తారు. ఫేజ్ 2లో గడ్డ తగ్గుతుందా లేదా చూస్తారు. ఫేజ్ 3లో వందలమంది రోగుల్ని రెండు గుంపులు చేసి, ఇప్పటికే వాడుతున్న చికిత్స కన్నా కొత్త మందు మెరుగా కాదా తేలుస్తారు. ఫేజ్ 1లో అడుగుపెట్టిన క్యాన్సర్ మందుల్లో చివరికి అనుమతి దాకా వచ్చేవి దాదాపు ఇరవైకి ఒకటి. ఫేజ్ 2 దాటితే అవకాశం పెరుగుతుంది కానీ, ఆ ఫలితాలే మనుషుల్ని ఎక్కువగా మోసం చేస్తాయి.

నెక్టార్ థెరప్యూటిక్స్ అనే అమెరికన్ కంపెనీ సంగతి చెబుతాను. మెలనోమా అనే చర్మ క్యాన్సర్‌కి అప్పటికే వాడుకలో ఉన్న నివోలుమాబ్‌కి తమ మందును కలిపి ఇచ్చారు. తొలి ట్రయల్‌లో 38 మందిలో 20 మందికి గడ్డలు బాగా తగ్గాయి. 2018 ఫిబ్రవరిలో బ్రిస్టల్ మయర్స్ స్క్విబ్ లాంటి పెద్ద కంపెనీ వచ్చి 185 కోట్ల డాలర్లు పెట్టింది. మరుసటి నెలలో షేరు 100 డాలర్లు దాటింది. 2019లో ఎఫ్‌డీఏ ఫాస్ట్ ట్రాక్ కన్నా పెద్ద గుర్తింపైన బ్రేక్‌త్రూ హోదా ఇచ్చింది. 2022 మార్చిలో ఫేజ్ 3 ఫలితం వచ్చింది. నెక్టార్ మందు కలిపి వాడినవాళ్లలో దాదాపు 28 శాతం మందికి గడ్డలు తగ్గితే, నివోలుమాబ్ ఒక్కటే వాడినవాళ్లలో 36 శాతం మందికి తగ్గాయి. ఒక్క రోజులో షేరు విలువ సగానికి పైగా పోయింది.

అక్కడ ఎవరూ అబద్ధం చెప్పలేదు. ఆ 38 మంది పక్కన, నివోలుమాబ్ మాత్రమే తీసుకునే గుంపు లేదు. కాబట్టి వచ్చిన మేలులో పాత మందు వాటా ఎంత, కొత్త మందు వాటా ఎంత అన్నది తేలలేదు. మేత చూసే చెక్ ట్రేలో నాలుగు రొయ్యలు చురుగ్గా కనపడ్డాయని పట్టుబడి ఎన్ని టన్నులో మీరు లెక్క కట్టరు కదా, ఇదీ అంతే. మీ అబ్బాయిని ముందు ఇది కనుక్కోమనండి: ఎంతమంది రోగులు, పక్కన పోల్చడానికి గుంపు ఉందా, గడ్డ తగ్గిందన్న లెక్క ఒక్కటేనా, మనుషులు ఎక్కువకాలం బతికారన్న లెక్క కూడా ఉందా? క్లినికల్‌ట్రయల్స్ డాట్ గవ్ అనే అమెరికా ప్రభుత్వ వెబ్‌సైట్‌లో ఆ ట్రయల్ వివరాలు ఉచితంగా చూడొచ్చు. కంపెనీ పత్రికా ప్రకటన కన్నా అది నయం.

ఇక ఆ 40 డాలర్ల మాట. షేరు మళ్లీ పాత ధరకి వెళ్తుందన్న ఆశతోనే చాలామంది దిగుతారు. అమ్మడానికి మందు లేని కంపెనీకి ఆదాయం ఉండదు, ఖర్చు మాత్రం ప్రతి మూడు నెలలకీ ఉంటుంది. ఉదాహరణకి 5 కోట్ల షేర్లున్న కంపెనీ దగ్గర 9 కోట్ల డాలర్ల నగదు ఉందనుకోండి. మూడు నెలలకి 2 కోట్లు ఖర్చవుతాయి. ఫేజ్ 3 ఫలితానికి ఇంకా ఏడాదిన్నర పడుతుంది, అంటే 12 కోట్లు కావాలి. డబ్బు అయిపోయేదాకా ఎవరూ ఆగరు కాబట్టి, మధ్యలోనే 6 కోట్లు సమకూర్చుకోవడానికి 3 డాలర్ల లెక్కన 2 కోట్ల కొత్త షేర్లు అమ్ముతారు. ఇప్పుడు మొత్తం 7 కోట్ల షేర్లు. ఫలితం రాకముందే కంపెనీలో మీ వాటా పాతదాంట్లో 71 శాతానికి తగ్గిపోయింది. మందు గెలిచినా మీ చేతికొచ్చేది మీరనుకున్నంత ఉండదు. నగదు ఎంతుందో, ఎంత ఖర్చవుతోందో కంపెనీ మూడు నెలలకోసారి అమెరికా షేర్ మార్కెట్ నియంత్రణ సంస్థ ఎస్ఈసీకి ఇచ్చే నివేదికలో ఉంటుంది. అది చూడకుండా ఒక్క రూపాయి కూడా పెట్టొద్దు.

గెలిచినవీ ఉన్నాయి. ఇబ్రుటినిబ్ అనే రక్త క్యాన్సర్ మందు తయారుచేసిన ఫార్మాసైక్లిక్స్‌ను 2015లో ఆబ్‌వీ అనే పెద్ద కంపెనీ దాదాపు 2,100 కోట్ల డాలర్లకి కొంది. అలాంటి కథలే మన చెవిన పడతాయి. మూతపడ్డ కంపెనీల పేర్లు ఎవరూ చెప్పరు.

మన దేశంలోనే చూద్దామంటే, ఇక్కడి కంపెనీల ఆట వేరు. హైదరాబాద్ నాట్కోకి 2012లో సోరాఫెనిబ్ అనే క్యాన్సర్ మందు మీద కంపల్సరీ లైసెన్స్, అంటే పేటెంట్ వేరేవాళ్లదైనా తయారుచేసుకోవచ్చన్న ప్రభుత్వ అనుమతి వచ్చినప్పుడు, నెలకి 2.8 లక్షలయ్యే మందు 8,880కి వచ్చింది. రోగులకి అది ఎంత మేలో మీకు చెప్పక్కర్లేదు. కానీ వేరేవాళ్లు కనిపెట్టిన మందుల్ని చౌకగా తయారుచేసే జనరిక్ కంపెనీ లాభం ఒకటి రెండు మందుల మీద ఎక్కువగా ఆధారపడితే, పోటీ రాగానే పడిపోతుంది. ఐఐటీ బాంబే, టాటా మెమోరియల్ కలిసి అభివృద్ధి చేసిన నెక్స్‌కార్19 అనే రక్త క్యాన్సర్ చికిత్సకి 2023 అక్టోబరులో అనుమతి వచ్చింది. దాన్ని అందించే ఇమ్యునోయాక్ట్ స్టాక్ మార్కెట్‌లో లేదు. అందులో లారస్ ల్యాబ్స్‌కి వాటా ఉంది, అయితే లారస్ ప్రధాన వ్యాపారం వేరే మందులు. దీనికోసమని లారస్ కొనడం సరికాదు.

ఇప్పుడు మీ డబ్బు. మీ ఆదాయంలోనే రిస్క్ చాలా ఉంది. వైట్ స్పాట్ వైరస్ తగిలితే పంట పోతుంది. 2025 ఆగస్టులో అమెరికా సుంకాలు 50 శాతానికి చేరినప్పుడు రొయ్య రైతులు ఎంత టెన్షన్ పడ్డారో మీకు తెలుసు. మిగిలిన డబ్బు కూడా ఒకే అమెరికన్ కంపెనీ మీద పెడితే, రెండు దెబ్బలూ ఒకేసారి తగలొచ్చు. నేనైతే పెళ్లికి 9 లక్షలు ఫిక్స్‌డ్ డిపాజిట్‌లో పెడతాను. డిపాజిట్ బీమా ఒక్కో బ్యాంకులో 5 లక్షల వరకే కాబట్టి రెండు బ్యాంకుల్లో. సీడుకి, మేతకి, కరెంటుకి 5 లక్షలు పక్కన ఉంచుతాను, వడ్డీకి తెచ్చే అవసరం రాకుండా. 3 లక్షలు నెలనెలా కొంచెం కొంచెంగా, చాలా పెద్ద కంపెనీల షేర్లు కలిపి ఉండే ఇండెక్స్ ఫండ్‌లోకి, ఏడెనిమిదేళ్లు ముట్టుకోకుండా. మిగిలిన లక్షలో సగం ఆరోగ్య బీమాకి, సగం కావాలంటే ఆ షేరుకి.

షేరు కొంటే మీ పేరునే కొనండి. అబ్బాయి ఖాతాలో వేస్తే అవి అబ్బాయి షేర్లే అవుతాయి, అక్కడి పన్ను లెక్కలు కూడా అతనికే చుట్టుకుంటాయి. విదేశీ షేర్లుంటే ఆదాయపు పన్ను రిటర్న్ ఫారాల్లో ఐటీఆర్ 1, ఐటీఆర్ 4 పనికిరావు, రిటర్న్‌లో విదేశీ ఆస్తుల వివరాలు రాసే షెడ్యూల్ ఎఫ్ఏ నింపాలి. 24 నెలలు దాటాక అమ్మితే లాభంపై 12.5 శాతం పన్ను, అంతకుముందైతే మీ శ్లాబ్ ప్రకారం. డబ్బు పంపేటప్పుడు బ్యాంకు ఛార్జీలు, డాలరు మార్పిడి తేడా ముందే అడగండి, 50 వేలకి అవే బరువనిపించొచ్చు.

బీమా మాత్రం పెళ్లి పనుల్లో పడి వాయిదా వెయ్యకండి. 2025 సెప్టెంబరు 22 నుంచి వ్యక్తిగత ఆరోగ్య బీమాపై జీఎస్టీ లేదు. దరఖాస్తులో కుటుంబ ఆరోగ్య చరిత్ర అడిగితే మీ అక్కగారి జబ్బు గురించి దాచకుండా రాయండి, లేకపోతే క్లెయిమ్ దగ్గర ఇబ్బంది పడతారు. మేనత్తకి రొమ్ము క్యాన్సర్ వచ్చిందన్న మాట మీ అమ్మాయి కూడా డాక్టరుకి చెప్పాలి. ఏ వయసు నుంచి పరీక్షలు చేయించుకోవాలో వాళ్లు చెబుతారు.