టేకు మంచానికి ఆరు నెలలు ఆగండి

ప్రశ్న: కొత్తగా పెళ్లయింది. కూకట్‌పల్లిలో అద్దె ఇల్లు. ఇద్దరి జీతాలు కలిపి నెలకు 72,000. మంచం, అల్మరా, సోఫా, డైనింగ్ టేబుల్ సెట్టుగా 1,20,000కి ఇస్తామంటున్నారు. క్రెడిట్ కార్డు మీద 12 నెలల నో కాస్ట్ ఈఎంఐ. అందులో మంచం ధర 28,000. మా అత్తగారేమో టేకు మంచం చేయించుకోమంటున్నారు. అదొక్కటే 55,000. ఏది నయం?

జవాబు: మీ అత్తగారి మాటే నాకూ నచ్చిందమ్మా. అప్పు మాత్రం చేయకండి.

ఇలాంటి సెట్లు చాలావరకు పార్టికల్ బోర్డువి. చెక్క పొట్టును జిగురుతో అదిమి చేసే పలక అది. ఇల్లు తుడిచిన ప్రతిసారీ కింది అంచు తడి పీల్చి ఉబ్బుతుంది, పైనున్న లామినేట్ పొరలా లేస్తుంది. ఇల్లు మారేటప్పుడు ఊడదీసిన స్క్రూ మళ్లీ అదే బెజ్జంలో గట్టిగా పట్టదు. అద్దె ఇంటివాళ్లకు ఇదే పెద్ద దెబ్బ.

ఆ మంచం ఏడేళ్లు వచ్చిందనుకుందాం, ఏడాదికి 4,000 పడింది. టేకుది 30 ఏళ్లు వాడితే, మధ్యలో పాలిష్‌లకు ఇంకో 15,000 వేసుకున్నా ఏడాదికి 2,333. అయితే తేడా 27,000ను 7 శాతం ఎఫ్‌డీలో ముట్టకుండా ఉంచితే పదేళ్లకు దాదాపు రెట్టింపవుతుంది, అప్పుడు లెక్క దగ్గరపడుతుంది. కానీ ఈఎంఐలు కట్టే ఇంట్లో ఆ డబ్బు మిగిలి ఎఫ్‌డీ దాకా చేరడం నేను చూడలేదు. పైగా నో కాస్ట్ అంటే వడ్డీ లేదనుకుంటాం, కానీ అందులోనూ బ్యాంకు వడ్డీ వేస్తుంది, అంత మొత్తం సరుకు ధరలో తగ్గింపుగా చూపిస్తారు. ఆ వడ్డీ మీద 18 శాతం జీఎస్టీ మీరే కట్టాలి, ప్రాసెసింగ్ ఫీజు ఉంటే అదీ మీదే.

ఈఎంఐకి అనుకున్న పదివేలు ఆర్‌డీలో, అంటే నెలనెలా కట్టే బ్యాంకు డిపాజిట్‌లో వేయండి. ఆరో నెలకు మంచం డబ్బు చేతికొస్తుంది. అప్పటిదాకా పరుపు నేలమీద వేసుకోండి. తర్వాత ఇనప బీరువా. సోఫాకు తొందరేం లేదు.

కర్రను పాలిష్ వేయకముందే చూడండి. ముదురు రంగులో ఉండేది చేవ, అంటే చెట్టు నడిమి గట్టి కర్ర. అంచున తెల్లగా కనిపించే భాగానికి చెద తేలిగ్గా పడుతుంది. పాలిష్ పడ్డాక రెండూ ఒకేలా ఉంటాయి. పాత ఇళ్లు పడగొట్టినచోట టేకు దూలాలు, ద్వారబంధాలు అమ్ముతారు, అవి దొరికితే ఇంకా మేలు. ఏళ్ల తరబడి ఆరిన కర్ర అంత తేలిగ్గా వంగదు, కొత్త చెట్టు కొట్టే పనీ లేదు. లోపలి మేకులకు రంపం పాడవుతుందని వడ్రంగి అభ్యంతరం చెబుతారు. మేకులు పీకే కూలి ముందే మాట్లాడుకోండి.

మంచం తలాపు పలక సాదాగా ఉంచండి, నగిషీలు, లైట్లు వద్దు. 1950లలో చండీగఢ్ ఆఫీసుల కోసం స్విస్ ఆర్కిటెక్ట్ పియర్ జెనరే చేయించిన టేకు కుర్చీల్లో అలంకారమే లేదు. తుక్కు కింద పోయిన ఆ కుర్చీలే తర్వాత విదేశీ వేలాల్లో లక్షలు పలికాయి. మీ మంచానికి అంత ధర రాదు, రావాలనీ ఆశపడకండి. ఇరవయ్యేళ్ల తర్వాత కూడా మీ కంటికి పాతగా అనిపించకపోతే చాలు. మంచం కోళ్లు, పట్టెలు బోల్టులు విప్పితే విడివడేలా చేయించండి, లిఫ్టులో పడతాయి.

నాలుగైదేళ్లలో విదేశాలకు వెళ్లే ఆలోచన ఉంటే మాత్రం ఇదంతా వద్దు. సెకండ్ హ్యాండ్ మంచం ఒకటి కొనుక్కుని, మిగిలింది ఎఫ్‌డీలో వేసుకోండి.