నెట్ జీరో ప్రణాళిక రాస్తున్న బిడ్డకు

బిడ్డా,

మీ మండలానికి 2040 నాటికి నెట్ జీరో ప్రణాళిక రాసే పని నీకు అప్పగించారని మీ అమ్మ ఫోన్ చేసి చెప్పింది. గాలిని వేడెక్కించే వాయువులు తగ్గించి, మిగిలినదాన్ని పీల్చి, నికర లెక్క సున్నా చేయడమన్నమాట. మా ఇంటి పిల్ల ఇంత పని నెత్తికెత్తుకుందని పొంగిపోయాను. ఫోన్ పెట్టేశాక గుబులు పట్టుకుంది. దేశం పెట్టుకున్న గడువే 2070. మీరు దాన్ని ముప్పై ఏళ్లు ముందుకు లాగారు. ఆ తొందర ఖరీదు ఏ రైతు మీద పడుతుందో నీ కాగితంలో ఉండాలి. అది లేకుంటే ఆ ప్రణాళిక గోడ మీద రాతే.

సులువైనవి ముందు చెప్పేస్తాను. వీధి దీపాలు ఎల్‌ఈడీ చేయించు. పంచాయతీ ఆఫీసు, బడి, వాటర్ ట్యాంకు మోటరుకు సోలార్ పెట్టించు. ఇళ్లకు పీఎం సూర్యఘర్ కింద 3 కిలోవాట్లకు 78,000 రూపాయల సబ్సిడీ ఉంది, దరఖాస్తులు నింపి పెట్టే మనిషిని ఊరికొకరిని కూర్చోబెట్టు. ఇవి నేను చెప్పకపోయినా జరుగుతాయి, ఎందుకంటే ఫొటోలో బాగా కనిపిస్తాయి.

ఫొటోలో కనిపించనిదే పెద్ద లెక్క. సాగర్ ఎడమ కాల్వ కింద ఒక మాదిరి ఊరు అనుకో. 600 ఇళ్లు, రెండు పంటలూ వరి వేసే 1,000 ఎకరాలు, 400 బర్రెలు, 150 మోటర్లు. కార్బన్ డయాక్సైడ్‌తో పోల్చితే మీథేన్ కిలోకు 27 రెట్లు వేడి చేస్తుంది. నీళ్లు నిలిపిన వరి మడి ఎకరాకు, పంటకు 40 నుంచి 65 కిలోల మీథేన్ వదులుతుంది. 45 కిలోలు వేసుకున్నా, కార్బన్ డయాక్సైడ్ లెక్కలోకి మారిస్తే వరి ఒక్కటే ఏడాదికి 2,400 టన్నులు. బర్రెకు ఏడాదికి 55 కిలోల మీథేన్, అంటే మొత్తం 600 టన్నులు. ఇళ్ల కరెంటు యూనిట్‌కు 0.7 కిలోల చొప్పున 500, యూరియా 420, మోటర్లు 315, సిలిండర్లు ఒక్కోటి 42 కిలోల చొప్పున 200, ట్రాక్టర్ల డీజిలు లీటరుకు 2.7 కిలోల చొప్పున 135. కూడితే 4,570 టన్నులు. ఇవి అంచనాలే, మీ ఊళ్లకు నువ్వు కొలుచుకోవాల్సిందే. అయినా చూడు: ప్రతి ఇంటి కప్పు మీదా సోలార్ పెట్టినా తొమ్మిదో వంతే తగ్గింది. సగానికి పైగా మడిలోనే ఉంది.

మోటర్ల కరెంటుకు మీటర్లు లేవు కాబట్టి హార్స్‌పవర్‌ను గంటలతో గుణించి రాసేయమంటారు. రాయకు. సబ్‌స్టేషన్‌లో 11 కేవీ ఫీడర్ (ఊళ్లకు కరెంటు తెచ్చే లైను) మీటరు రీడింగు నెలనెలా తీసుకుని, అందులోంచి ఇళ్ల బిల్లుల యూనిట్లు, లైను నష్టం తీసేయి. ఇంకో మాట, దామరచర్ల దగ్గర యాదాద్రి థర్మల్ కేంద్రం ఉందని ఆ పొగను పక్క ఊళ్ల ఖాతాలో వేసే తెలివైనవాళ్లు తగులుతారు. ఊళ్లు వాడిన యూనిట్లే ఊళ్ల లెక్క. ఈ హద్దు మొదటి పేజీలోనే గీసుకో, తర్వాత ఏటా మార్చకు.

ఇక వరి. మడిని ఆరనిచ్చి మళ్లీ తడిపితే మీథేన్ మూడో వంతు నుంచి సగం దాకా తగ్గుతుంది. మట్టి కింద నీటి మట్టం చూడటానికి 30 సెంటీమీటర్ల పీవీసీ గొట్టం ముక్క చాలు. కింది 20 సెంటీమీటర్లకు చుట్టూ చిల్లులు పెట్టి, ఆ భాగం మట్టిలో దించి, లోపలి మట్టి తీసేయాలి. నాటిన రెండు వారాల దాకా నీళ్లు ఉండనివ్వాలి, లేకుంటే కలుపు మింగేస్తుంది. ఆ తర్వాత గొట్టంలో నీరు నేల మట్టం కన్నా 15 సెంటీమీటర్లు కిందికి దిగినప్పుడు 5 సెంటీమీటర్లు పెట్టాలి. వెన్ను తీసే ముందు వారం నుంచి తర్వాత వారం దాకా ఆరనివ్వకూడదు, తాలు గింజలు వస్తాయి. యూరియా పైపాటు ఆరిన మడిలో చల్లి వెంటనే నీరు పెట్టించు. నిలిచిన నీళ్లలో చల్లితే చాలా భాగం గాలిలో కలుస్తుంది.

గొట్టం సులువే, నీళ్ల మీద అధికారం సులువు కాదు. కాల్వ చివరి తూము రైతుకు వచ్చే తడి ఎప్పుడొస్తుందో తెలియదు. అందుకే దొరికినప్పుడు మోకాలి లోతు నింపుకుంటాడు. వారబందీ (వంతుల వారీగా నీళ్లిచ్చే) తేదీ తప్పదని అతనికి నమ్మకం కుదరకుండా గొట్టాలు పంచితే అవి పిల్లల ఆటవస్తువులవుతాయి. కాబట్టి మొదటి యాసంగిలో బోరు కింద వరి వేసేవాళ్లతో మొదలుపెట్టు. వాళ్ల నీరు వాళ్ల చేతిలో ఉంటుంది. కాల్వ కింద చేయాలంటే ముందు నీటిపారుదల ఇంజనీరుతో కూర్చుని తూముకు తేదీలు రాయించుకో.

వరిగడ్డి తగలబెట్టకండి అని అందరూ చెబుతారు, నువ్వూ చెబుతావు. మరి ఏం చేయాలి? దున్నేయమంటావు. నాటుకు పది రోజుల ముందు గడ్డి కలియదున్ని నీరు కడితే ఆ గడ్డి మడిలోనే కుళ్లి మీథేన్ ఇంకా పెంచుతుంది. కలపాలంటే నీరు కట్టడానికి కనీసం 30 రోజుల ముందే కలపాలి. వానాకాలం కోతకు, యాసంగి నాటుకు మధ్య అంత వ్యవధి ఉండదు. కాబట్టి ఆ పంట గడ్డిని బేలర్‌తో కట్టలు కట్టించి పశువులకు పంపించు. యాసంగి కోత తర్వాత మాత్రం ఎండాకాలమంతా నీదే.

కార్బన్ క్రెడిట్లు, అంటే మీరు తగ్గించిన వాయువుల లెక్కకు ఇచ్చే పత్రాలు, కొంటామని కంపెనీలు వస్తాయి. రైతు తరఫున పంచాయతీ సంతకం పెట్టనివ్వకు. అమ్మేసిన తగ్గింపు కొన్నవాడి ఖాతాలోకి పోతుంది. దాన్ని మళ్లీ మీ మండలం లెక్కలో చూపిస్తే అది దొంగ లెక్కే.

ఇప్పుడు నీ మీద నిజంగా కోప్పడే విషయానికి వస్తాను. నీ ముసాయిదాలో ఊరికి 50 గోబర్ గ్యాస్ ప్లాంట్లు అని రాశావట. 1980లలో దేశమంతా ఈ లెక్కే నడిచింది. 1981లో జాతీయ పథకం వచ్చింది, 1984లో ఇటుక గుమ్మటంతో కట్టే దీనబంధు నమూనా వచ్చింది. నమూనాలో తప్పు లేదు, ఇప్పటికీ అంత చవకైన గుమ్మటం లేదు. తప్పంతా ప్లాంట్లను లెక్కపెట్టడంలో జరిగింది. కట్టడం పూర్తయితే సబ్సిడీ, మార్చి 31 లోపు టార్గెట్. మంట వెలిగిందా అని ఎవరూ అడగలేదు. రెండు పశువులున్న ఇంటికి కూడా 2 ఘనమీటర్ల ప్లాంటు కట్టారు. దానికి రోజుకు 50 కిలోల పేడ కావాలి. కిలో పేడకు 40 లీటర్ల గ్యాస్ వస్తుంది. కట్టేసి మేపే బర్రె 10 నుంచి 15 కిలోలు వేస్తుంది, బయట మేసొచ్చే పశువు పేడలో సగం దారిలోనే పోతుంది. అంటే నాలుగైదు పశువులుంటే గానీ పొయ్యి వెలగదు. పేడ ఎంతో నీళ్లు అంత, రోజుకు 50 లీటర్లు. ఏప్రిల్‌లో తాగునీటికి బిందెలు మోసే ఆడమనిషి ఆ 50 లీటర్లు ఎక్కడి నుంచి తెస్తుంది? మొదటిసారి నింపడానికే రెండు టన్నుల పేడ కావాలి, దాన్ని ఎవరిస్తారో కాగితంలో రాయలేదు. పైపులు వాలు లేకుండా వేశారు. ఆవిరి చల్లబడి వంపులో నీరు చేరి, ప్లాంటులో గ్యాస్ ఉండగానే పొయ్యి ఆరిపోయింది. పైపుకు ప్లాంటు వైపు వాలైనా ఉండాలి, అడుగున నీరు తీసే మూతైనా ఉండాలి అని చెప్పేవాళ్లు లేక ప్లాంటే చెడిపోయిందనుకున్నారు. చివరికి ఆ గుమ్మటాల మీద పిడకలు ఆరబెట్టుకున్నారు.

నవ్వొచ్చినా, ఇప్పుడు నెట్ జీరో పేరుతో కడితే నవ్వులాటగా ఉండదు. ఆ ప్లాంటు నిండుగా నడిస్తే నెలకు దాదాపు రెండు సిలిండర్లు ఆదా, ఏడాదికి టన్నుకు కొంచెం తక్కువ. గుమ్మటం లోపలి పూత సరిగా లేక గ్యాస్‌లో పదో వంతు కారిపోతే ఆ మీథేన్ ఒక్కటే 0.8 టన్నులు! ఆదా చేసిందంతా పగుల్లోంచి పోయినట్టే. పెంటకుప్పలో ఆరిన పేడ ఇంత మీథేన్ వదలదు. అంటే చెడ్డ ప్లాంటు లేనిదాని కన్నా చెడ్డది. కాబట్టి 50 కొట్టేయి. ముందు ఆసక్తి ఉన్న ఇళ్లలో వారం రోజులు పొద్దున్నే పేడ తట్ట తూకం వేయించు. పశువులను కాదు, పేడను లెక్కపెట్టు. 50 కిలోలు వచ్చిన ఇళ్లకే కట్టించు. మేస్త్రీ కూలిలో నాలుగో వంతు ఏడాది మంట వెలిగాకే ఇవ్వు. గొట్టపు అతుకులకు సబ్బు నీళ్లు పూసి బుడగలు చూడటం, యూ గొట్టంలో నీటి మట్టంతో ఒత్తిడి కొలవడం వచ్చిన కుర్రాడు నెలకోసారి ప్రతి ఇంటికీ వెళ్లాలి. వాడి జీతం కాగితంలో లేకపోతే ప్లాంట్లూ ఉండకూడదు. ఇంటికో పాడి, పెరట్లో పెంటకుప్ప, పొలంలో జీలుగు, జనుము ఉన్న రోజులు నువ్వు చూడలేదు. ఆ పేడను ఊహించుకుని ఈనాటి ప్రణాళిక రాయకు.

నాకున్న అసలు భయం వేరే. దేవరకొండ వైపు మెట్ట ఊళ్లకు సోలార్ పంపులు ఇస్తామని రాశావు. 2018 జనవరి నుంచి తెలంగాణలో వ్యవసాయానికి 24 గంటల ఉచిత కరెంటు ఉంది. దాని మీద రైతుకు ఇంకో ఉచిత మోటరు ఇస్తే కర్బనం తగ్గుతుందేమో గానీ నీరు కూడా తగ్గుతుంది. లోతుకు పోయే కొద్దీ ఫ్లోరైడ్ బాధ తెలిసిన జిల్లా మన నల్లగొండ. బోరు ఎండిన ఊరు కూడా మోటర్ల ఖాతాలో సున్నాయే చూపిస్తుంది బిడ్డా, అలాంటి సున్నా నాకొద్దు. విడివిడి పంపుల బదులు సాగుకు సోలార్ ఇచ్చే కేంద్ర పథకం పీఎం కుసుమ్ కింద ఫీడర్‌కు సోలార్ అడుగు. సబ్‌స్టేషన్ దగ్గర పంటకు పనికిరాని నాలుగైదు ఎకరాల్లో 1 మెగావాట్ పెడితే ఏడాదికి 15 లక్షల యూనిట్లకు తగ్గదు. నేను పైన చెప్పిన లాంటి మూడు ఊళ్ల మోటర్లకు సరిపోతుంది, 1,000 టన్నులకు పైగా తగ్గుతుంది. దానితోపాటు కరెంటు రాగానే మోటరు దానంతటదే తిరిగేలా చేసే ఆటో స్టార్టర్లు తీయించు, 5 హార్స్‌పవర్ మోటరుకు కరెంటు వృథా తగ్గించే 2 కేవీఏఆర్ కెపాసిటర్ పెట్టించు. కొత్త బోర్లకు అనుమతి అడిగే వాల్టా చట్టం 2002 నుంచీ ఉంది, అనుమతుల రిజిస్టరు తెరిపించి చూడు.

బర్రెలను సున్నా చేయలేవు. మంచి మేత, పచ్చిగడ్డితో పాలు పెరిగితే లీటరుకు పడే మీథేన్ తగ్గుతుంది, అంతే. మిగిలినది మిగిలిందని రాయి. చెట్లతో కొట్టేస్తామని మాత్రం రాయకు. బాగా పెరిగే తోట ఎకరాకు ఏడాదికి 3 టన్నులు పీల్చినా, ఒక్క వరి లెక్కకే 800 ఎకరాలు కావాలి, ఎక్కడుంది? అది కూడా పెరిగినన్నాళ్లే. 2015 నుంచి హరితహారంలో ఎన్ని మొక్కలు నాటామో అందరికీ తెలుసు. మూడో ఎండాకాలం దాటినవే లెక్కలో వేసుకో.

గ్రామసభకు ముందు నాకు మూడు కాగితాలు పంపు: ఫీడర్ రీడింగులు, పేడ తూకాలు, ఊరికి పది బోర్ల నీటి మట్టం. రంగుల బొమ్మలున్న పుస్తకం తర్వాత చూస్తాను. బోర్లు మే నెలలో ఒకసారి, నవంబరులో ఒకసారి కొలవాలి. ముందు రాత్రి మోటరు ఆపించకపోతే మట్టం తప్పు వస్తుంది, ఆ రైతుకు నువ్వే స్వయంగా చెప్పు. మేలో పొద్దున తొమ్మిదింటికల్లా పని ముగించుకో. నీకు వడదెబ్బ తగిలితే మీ అమ్మకు సమాధానం చెప్పుకోవాల్సింది నేనే.

నీ పెద్దమ్మ