బెన్యామీను అని పేరు పెట్టిన తమ్ముడికి

తమ్ముడూ,

నీ కథ చదివాను. హీరోకి బెన్యామీను అని పేరు పెట్టి, మూడో పేరాలోనే 'హీబ్రూలో కుడిచేతి కుమారుడు అని అర్థం' అని రాసేశావు. ఆ వాక్యం తీసెయ్. ఆ పేరు వెనక అంత కథ ఉండగా, నిఘంటువులోని ముక్క ఒక్కటే పాఠకుడి చేతిలో పెట్టావని నా బాధ.

బైబిల్లో ఆదికాండం 35వ అధ్యాయం మళ్లీ చదువు. బేతేలు దాటి ఎఫ్రాతాకు వెళ్లే దారిలో యాకోబు భార్య రాహేలుకు నొప్పులొచ్చాయి. కాన్పు కష్టమైంది. భయపడకు, ఈసారీ కొడుకే అంటుంది మంత్రసాని. ప్రాణం పోతుండగా ఆ తల్లి బిడ్డను బెనోని అని పిలిచింది. నా దుఃఖపు కొడుకు అని. తండ్రి యాకోబు మాత్రం బెన్యామీను అన్నాడు. ఎందుకు మార్చాడో గ్రంథం ఒక్క మాట కూడా చెప్పదు. పిలిచిన ప్రతిసారీ రాహేలు చావు గుర్తుకు రావడం అతను భరించలేకపోయాడని నేను అనుకుంటాను. నీకు ఇంకోలా తోచవచ్చు. కథకుడికి దొరికే చోటు అదే.

బెనోనిలోని 'ఓన్' అనే మాటకు బలం అనే అర్థమూ ఉంది. భార్య ఆఖరి మాటను యాకోబు పారేయలేదని, దాన్నే మంచి వైపుకు తిప్పుకున్నాడని 13వ శతాబ్దపు యూదు పండితుడు రాంబాన్ వ్యాఖ్యానించాడు. ఎంత మెత్తని ఆలోచనో చూడు!

ఇక 'యామీన్' అంటే కుడి. తూర్పుకు తిరిగి నిలబడితే కుడివైపు దక్షిణం కాబట్టి దక్షిణం కూడా. మనకిది కొత్తేమీ కాదు, దక్షిణ హస్తం, దక్షిణ దిక్కు అంటూనే ఉంటాం. అన్నలంతా ఉత్తరాన పద్దనరాములో పుట్టారు, ఇతనొక్కడే కనానులో పుట్టాడు. అందుకే దక్షిణపు కొడుకు అన్న వ్యాఖ్యాతలూ ఉన్నారు. సమరయుల దగ్గరున్న ఆదికాండం ప్రతిలో ఈ పేరు చివరి అక్షరం మారి 'దినాల కొడుకు' అయింది, అంటే తండ్రి ముసలితనంలో పుట్టినవాడని.

యూఫ్రటీసు ఒడ్డున మారి నగరంలో దొరికిన క్రీ.పూ. 18వ శతాబ్దపు మట్టి పలకల్లోనూ 'దక్షిణపు కొడుకులు' అనే అర్థమొచ్చే తెగ పేరు ఉంది. అది బెన్యామీను గోత్రమేనని మాత్రం తేల్చి రాయకు. పేరు కలిసినంత మాత్రాన చుట్టరికం కలవదు.

నాకు అన్నిటికన్నా నచ్చేది న్యాయాధిపతుల గ్రంథంలో ఉంది. కుడిచేతి కొడుకు వంశంలో పేరు మోసిన వాళ్లు ఎడమచేతి వాటం వాళ్లు! మోయాబు రాజును చంపిన ఏహూదు అలాంటివాడే. గురి తప్పకుండా వడిసెల విసిరే 700 మందీ అంతే. పేరు ఒక దారి చూపిస్తే మనిషి ఇంకో దారిన పోతాడు. నీ హీరోలో అలాంటిదేమీ కనిపించలేదు, పేరుకు తగ్గట్టు బుద్ధిగా నడుస్తున్నాడు.

ఫ్రెంచివాళ్లు ఇంట్లో కడగొట్టు బిడ్డను ఇప్పటికీ 'బెంజమిన్' అనే అంటారు. 1706లో బోస్టన్‌లో పుట్టిన బెంజమిన్ ఫ్రాంక్లిన్ కూడా ఆ ఇంట్లో చివరి కొడుకే. మన తెలుగు బైబిల్లో బెన్యామీను, స్కూల్ రికార్డుల్లో బెంజమిన్. నీ కథలో అతన్ని తల్లి ఏమని పిలిచేది? తండ్రి ఏమనేవాడు? ఆ ఇద్దరూ ఒకే గదిలో ఉండి అతన్ని పిలిచే సీన్ ఒకటి రాసి పంపు. ముగింపు సంగతి తర్వాత మాట్లాడుకుందాం.

మీ అన్న