పర్లాకిమిడి తెలుగు సంఘం వాట్సాప్ బృందంలో పాటలు, సినిమాలు పంచుకోవడం గురించి

ఒడిశాలోని మీ పట్టణానికి తెలుగు సినిమాలు ఆలస్యంగా వస్తున్నాయి కనుక సంఘ సభ్యులకు వాటి ప్రతులు పంపితే తప్పేమిటని అడిగారు. కొత్త సినిమా విషయంలో అది తప్పేనండి. 2023లో సవరించిన సినిమాటోగ్రాఫ్ చట్టం ప్రకారం హాల్లో బొమ్మను దొంగతనంగా చిత్రీకరించిన వారికి కనీసం 3 నెలల జైలు, 3 లక్షల రూపాయల జరిమానా పడతాయి. చట్టం సంగతి అటుంచినా, ఒడిశాలో తెలుగు బొమ్మ వేయడానికి ముందుకొచ్చే హాలు యజమానికి మొదటి వారంలో సీట్లు ఖాళీగా కనిపిస్తే, తరువాతి బొమ్మ తెప్పించే ధైర్యం ఆయనకు ఎక్కడిది?

పాత పాటల విషయం ఇంత సూటిగా తేలదు. సినిమాకూ, రికార్డుకూ విడుదలైన మరుసటి సంవత్సరం మొదలు 60 ఏళ్ళు హక్కు ఉంటుంది కనుక, 1960 నాటి చిత్రం గడువు 2020తో ముగిసింది. అయితే సాహిత్యంపై హక్కు కవి మరణించాక కూడా 60 ఏళ్ళు నిలుస్తుంది. అందువల్ల ఫైలు పంపడం మానేసి, హక్కుదారులే యూట్యూబులో పెట్టిన పాట లంకెను పంపండి.

అమ్మవారి జాతరలో మీరు రికార్డు చేసిన బుర్రకథ గురించే నాకు ఎక్కువ పట్టింపు. ఆ ప్రదర్శనపై కళాకారులకు 50 ఏళ్ళ హక్కు ఉంది, కానీ వారి తరఫున అడిగే కంపెనీ ఏదీ ఉండదు. కథకుడినీ, పక్కన వంత పాడిన ఇద్దరినీ కలిసి, రికార్డింగు వినిపించి, ఒప్పుకుంటేనే ముగ్గురి పేర్లతో పెట్టండి. సంఘం చందాలోంచి వారికి కొంత సొమ్ము కూడా ముట్టజెప్పండి.