గోదాములో పదిహేను పేజీలు

చిరంజీవికి ఆశీస్సులు.

నీ కథ చదివాను. కత్తియుద్ధం బాగా రాశావు, ఒప్పుకుంటాను. కానీ 11వ పేజీలో మైథిలిని గోదాములో పడేసి గడియ పెట్టినవాడివి 26వ పేజీలో గానీ తలుపు తీయలేదు. ఈ పదిహేను పేజీలూ ఆ పిల్ల ఏం చేస్తోందయ్యా? దాహం వేయలేదా? తాడు ఒరుసుకుని మణికట్టు మండలేదా? అంతకుముందే ముగ్గురిని మట్టి కరిపించిన పిల్ల, తలుపు పడగానే బియ్యం బస్తాలా ఓ మూల పడి ఉంది. ఆ కోపానికి నాకు నిద్ర పట్టలేదు.

"యానిమేల్లో ఇలాగే ఉంటుంది కదా మేడమ్" అని ఉత్తరంలో ముందే కాచుకున్నావు. ఆ జపాన్ కార్టూన్ సీరియళ్ళు నేనూ చూశానులే, మా మనవరాలి పుణ్యమా అని. 2012 నాటి స్వోర్డ్ ఆర్ట్ ఆన్‌లైన్‌నే తీసుకో. హీరో కిరిటోకి దీటుగా కత్తి తిప్పిన హీరోయిన్ అసునాని రెండో సగంలో పంజరంలో పెట్టారు. ఒళ్ళు మండింది. అయితే అక్కడ కూడా, ఆమెను బంధించిన ఒబెరాన్ తలుపు తీయడానికి నొక్కే అంకెల్ని ఆమె అద్దంలో చూసి గుర్తుపెట్టుకుంటుంది. బయటపడి మళ్ళీ దొరికిపోతుంది. దొరికినా ఊరుకోదు, తాళంచెవిలా పనిచేసే ఓ కార్డు కొట్టేసి, తర్వాత పంజరంలోంచి కిందికి జారవిడుస్తుంది. కిరిటో పైకి రాగలిగింది దానితోనే. ఆ అద్దం సీను రెండుసార్లు పెట్టించుకుని చూశాను. చివర్లో మళ్ళీ గొలుసులకు కట్టేసి అంతా పాడుచేశారనుకో.

పట్టుబడితే తప్పేం లేదు. పట్టుబడ్డాక ఆ బుర్ర ఎటు పనిచేస్తోందో రాయకపోవడమే తప్పు. పోతన రుక్మిణిని చూడు. అన్నగారు శిశుపాలుడికి కట్టబెట్టబోతుంటే కృష్ణుడికి కబురంపింది. పెళ్ళికి ముందు ఊరి బయట గౌరీదేవి గుడికి పంపే ఆనవాయితీ ఉంది, అక్కడికి రా అంది. అంతఃపురంలోంచి తీసుకెళ్ళాలంటే బంధువుల్ని చంపాల్సి వస్తుందని ఆలోచించిందీ ఆమే. నన్నడిగితే, కృష్ణుడికి మిగిలింది రథం తోలడమే.

నా మొదటి సీరియల్లో కిడ్నాపైన అమ్మాయి మేకుతో గోడ మీద రోజులు గీసుకుంటుంది. ఎడిటరుగారు ఆ పేజీలు కొట్టేసి, హీరోగారి మోటారుసైకిలు ఛేజింగ్ పెట్టమన్నారు. "కిడ్నాప్ పండింది, ఇంకో నాలుగు వారాలు లాగండి" అని కూడా అన్నారు. మోటారుసైకిలు వెనక సీటు ఎక్కాలన్నా భయపడే మనిషిని, లాగాను. ఆ డబ్బుతో ఇంటికి గ్యాసు పొయ్యి వచ్చింది. ఆ గోడ మీది గీతలు మాత్రం ఎక్కడా అచ్చుకాలేదు.

ఇప్పటి ఎడిటర్ల తీరు ఇంకోటి. హీరోయిన్ నలుగురిని తన్నకపోతే "స్ట్రాంగ్ క్యారెక్టర్" కాదట! నీ మొదటి పది పేజీలూ ఆ మోజులోనే పోయాయి. వన్ పీస్ అనే ఇంకో యానిమేలో నామి అనే పిల్ల, పది కోట్ల బెర్రీలిస్తే (అక్కడి డబ్బులే) తన ఊరు వదిలేస్తానన్న సముద్రదొంగ ఆర్లాంగ్ మాట నమ్మి ఏళ్ళ తరబడి దొంగతనాలు చేసింది. కూడబెట్టిందంతా పోయాక, భుజం మీద వాడు వేయించిన పచ్చబొట్టును కత్తితో పొడుచుకుంటూ, అప్పుడు గానీ హీరో లూఫీని సాయం అడగలేదు. నీ మైథిలి పట్టుబడ్డ రెండో పేరాలోనే "కాపాడండి" అని అరిచింది. ఎవరిని పిలుస్తోందో ఆమెకే తెలియదు.

కలం పేరు గురించి, ఏ పత్రికకు పంపాలన్నదాని గురించి మరోసారి. కథ వెనక్కి పంపుతున్నాను. 11వ పేజీ తర్వాత నాలుగు తెల్లకాగితాలు గుచ్చాను, పారేయకు.