డ్రోన్ కోర్సుకి ఫీజు కట్టేముందు ఒక్క మాట

కాకినాడ నుంచి ఒక తండ్రి అడిగారు: "మా అమ్మాయి ఇంటర్ ఎంపీసీ రెండో సంవత్సరం. సముద్రంలో కలిసే కాలుష్యాన్ని పైనుంచి ఫోటోలు తీసి బయటపెట్టే పని చేస్తానంటోంది. ఇది అసలు ఉద్యోగమేనా? డ్రోన్ కోర్సులో చేర్పించమంటారా?"

ఉద్యోగమేనండీ, టెన్షన్ పడకండి. కానీ డ్రోన్ కోర్సు ఒక్కదానితో వచ్చేది కాదు, ఫీజు ఇప్పుడే కట్టకండి. పైలట్ సర్టిఫికెట్‌కి పది పాసై, 18 ఏళ్లు నిండితే చాలు, డిగ్రీ చదువుతూ సెలవుల్లో ఎప్పుడైనా చేసుకోవచ్చు.

అసలు పని ఎలా ఉంటుందో చెబుతాను. 2004లో ఐవాన్ తుపానుకి అమెరికాలోని లూసియానా తీరం దగ్గర టేలర్ ఎనర్జీ వాళ్ల చమురు ప్లాట్‌ఫాం కూలిపోయింది. అప్పటినుంచి అడుగున చమురు కారుతూ వచ్చింది, జనానికి మాత్రం ఏళ్ల తరబడి తెలియలేదు. 2010లో అదే సముద్రంలో డీప్‌వాటర్ హొరైజన్ అనే చమురు రిగ్గు ప్రమాదం జరిగినప్పుడు, నీటి మీద తేలే ఆ చమురు తెట్టు చూద్దామని చిన్న విమానాల్లో తిరిగినవాళ్లకి, దానితో సంబంధం లేని చోట ఇంకో తెట్టు కనపడింది. స్కైట్రూత్ అనే చిన్న సంస్థ ఉపగ్రహ చిత్రాలు తీసి చూస్తే ఆ తెట్టు ఎక్కడిదో తేలింది. కారేది రోజుకి కొద్ది గ్యాలన్లేనని కంపెనీ అంటూ వచ్చింది. 2019లో ప్రభుత్వ శాస్త్రవేత్తలు వేసిన లెక్క రోజుకి 9 నుంచి 108 బ్యారెళ్లు, ఒక్కో బ్యారెల్ అంటే 42 గ్యాలన్లు!

ఇక్కడ గెలిపించింది కెమెరా ఒక్కటే కాదు, ఫోటోని చదవగలిగిన చదువు. నీటి మీద చమురు వెండిలా మెరిస్తే పొర చాలా పల్చన, ఇంద్రధనుస్సు రంగులుంటే ఇంకాస్త మందం, అలా రంగునీ విస్తీర్ణాన్నీ బట్టి ఎంత చమురుందో అంచనా కడతారు. ఎండ పడే కోణం మారితే అదే తెట్టు కనపడకుండా పోతుంది. మన దగ్గరే చూడండి, గోదావరికి వరదొస్తే సముద్రంలోకి ఎర్రనీరు ఎంత దూరం పోతుందో మీకు తెలియనిది కాదు, తెలియనివాళ్లు దాన్ని ఫోటో తీసి ఫ్యాక్టరీ వ్యర్థాలంటే కేసు అక్కడే పోతుంది. తేదీ, సమయం, జీపీఎస్ లెక్క, అదే రోజు పట్టిన నీటి శాంపిల్ ఉంటేనే ఆ ఫోటో నిలబడుతుంది.

అందుకని డిగ్రీలో జియోఇన్ఫర్మాటిక్స్ (కంప్యూటర్‌లో మ్యాపుల చదువు), జియాలజీ, సివిల్, ఎన్విరాన్‌మెంటల్ సైన్స్‌లలో ఏదైనా చదవనివ్వండి, పీజీలో రిమోట్ సెన్సింగ్‌కి (ఉపగ్రహాలు, విమానాల నుంచి తీసిన చిత్రాలు చదివే విద్య) గానీ ఓషనోగ్రఫీకి (సముద్ర శాస్త్రం) గానీ వెళ్లొచ్చు. డెహ్రాడూన్‌లో ఇస్రో వాళ్ల రిమోట్ సెన్సింగ్ విద్యాసంస్థ ఐఐఆర్‌ఎస్‌లో చేసే ఎంటెక్‌కి పట్టా ఇచ్చేది మన ఆంధ్రా యూనివర్సిటీయే. హైదరాబాద్‌లో ఇస్రో వాళ్ల రిమోట్ సెన్సింగ్ కేంద్రం ఎన్‌ఆర్‌ఎస్‌సీ, కేంద్ర ప్రభుత్వ సముద్ర సమాచార కేంద్రం ఇన్‌కాయిస్ ఉన్నాయి, సముద్రంలో చమురు ఒలికితే ఎటు పోతుందో ఇన్‌కాయిస్ వాళ్లే చెబుతారు. నిజం చెప్పాలంటే శాశ్వత పోస్టులు తక్కువ, మొదట్లో ప్రాజెక్టు ఉద్యోగాలే ఎక్కువ దొరుకుతాయి, అది తెలిసే దిగాలి.

ఈ సెలవుల్లో పైసా ఖర్చు లేని పని ఒకటుంది. సెంటినెల్-2 ఉపగ్రహ చిత్రాలు ఉచితం, వాటిని మ్యాపుల్లా తెరిచి గీతలు గీసే క్యూజీఐఎస్ సాఫ్ట్‌వేరూ ఉచితమే. ఉప్పాడ తీరం చిత్రాలు 2016వి, ఈ ఏడాదివి దించుకుని, ఎక్కడెక్కడ సముద్రం లోపలికొచ్చిందో గీత గీయమనండి. ఆ గీతలు పట్టుకుని మీరిద్దరూ ఉప్పాడ వెళ్లి, అక్కడి మత్స్యకారులని అడిగి సరిచూసుకోండి. నెల తర్వాత కూడా అమ్మాయి అదే పట్టుదలతో ఉంటే నాకు మళ్లీ రాయండి, కాలేజీల సంగతి అప్పుడు వివరంగా మాట్లాడుకుందాం.